వైకుంఠం బొమ్మ కొనాలనుకుంటున్నారా? ముందు గీత చూడటం నేర్చుకోండి

హైదరాబాద్‌లో ఏ ఫర్నిచర్ షాపుకెళ్లినా, ఏ కొత్త అపార్ట్‌మెంట్ గృహప్రవేశానికెళ్లినా గోడ మీద ఆవిడ కనిపిస్తుంది. నల్లటి ఒంటి రంగు, ఎర్ర చీర, నుదుటి నిండా బొట్టు, చేతిలో చిలకో తమలపాకో. బ్లౌజుల మీద, పెళ్లి కార్డుల మీద, కాఫీ కప్పుల మీద కూడా ఆవిడే. అడిగితే "వైకుంఠం పెయింటింగ్ అండీ" అంటారు. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది వైకుంఠం పెయింటింగ్ కాదు, వైకుంఠం స్టైల్లో ఎవరో వేసింది, లేదా ఎవరూ వేయకుండా మెషీన్ ప్రింట్ చేసింది. అలంకారానికి కొనుక్కుంటే తప్పేమీ లేదు, అయిదు వేలకో పదివేలకో తెచ్చుకుని హాయిగా తగిలించుకోవచ్చు. కానీ తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం చేత్తో గీసిన అసలు బొమ్మే కావాలి, ఒకటి కాదు, నెమ్మదిగా రెండు మూడు పోగేయాలి అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంతగా కాపీ అయిన కళాకారుడి పని సేకరించడం మిగతావాళ్ల పని సేకరించినంత సులువు కాదు.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి కొనుగోలు ఆ ఎర్ర కాన్వాస్ కాకూడదు. కాగితం మీద పెన్సిల్‌తోనో చార్‌కోల్‌తోనో, అంటే బొగ్గు పుల్లతోనో, గీసిన బొమ్మ అయి ఉండాలి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

మనిషి గురించి కాస్త

వైకుంఠం 1942లో పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, తర్వాత బరోడా వెళ్లి ఎం.ఎస్. యూనివర్సిటీలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. అక్కణ్ణుంచి వచ్చాక చూపు మళ్లీ సొంత ఊరి వైపు తిరిగింది. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చే నాటక బృందాల్లో ఆడవేషం కట్టే మగ నటులు, ఇంట్లో అమ్మ, పొలానికెళ్లే ఆడవాళ్లు, పంచె కట్టుకుని నామం పెట్టుకున్న అయ్యగార్లు, ఇవే ఆయన బొమ్మల్లో మనుషులయ్యారు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారు. అప్పటి తెలంగాణ ఇల్లు, వాకిలి, బట్ట, నగ ఎలా ఉండేవో ఆయనకు ఎంత తెలుసో ఆ సినిమా చూస్తే అర్థమవుతుంది.

సేకరించేవాళ్లకు ఈ జీవిత చరిత్రలో పనికొచ్చే ముక్క ఒకటుంది. మనందరికీ తెలిసిన ఆ ముదురు ఎరుపు, కుంకుమ రంగు, పసుపు, ఆకుపచ్చ అంతా మొదటి నుంచీ లేదు. ముందు వచ్చినవి ఎక్కువగా చార్‌కోల్, పెన్సిల్, పల్చటి నీటి రంగులు. వాటిలో బొమ్మ అంతా గీత మీదే నిలబడుతుంది. రంగులు గట్టిపడి, ముఖాలు పక్క చూపుకి తిరిగి, చీర అంచులు, దండకడియాలు, ముక్కుపుడకలు ఇప్పుడు మనం చూసే రూపానికొచ్చింది ఆ తర్వాతే. కాబట్టి ఎవరైనా 1970ల నాటి బొమ్మ అని చెప్పి నిగనిగలాడే అక్రిలిక్ (నీళ్లలో కలిపి వాడే ప్లాస్టిక్ రంగు) కాన్వాస్ చూపిస్తే, అక్కడే ఆగి పది ప్రశ్నలు వేయాలి.

మొదటి పని: పర్సు ఇంట్లో పెట్టి చూడటం

కొన్ని నెలల పాటు ఏమీ కొనకండి. బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి లాంటి గ్యాలరీలు, మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, ఇవన్నీ తిరగండి. లోపలికెళ్లడానికి కొనేవాళ్లే అయి ఉండాల్సిన పని లేదు. చాలామంది ఆ గాజు తలుపు చూసి, ఏసీ చూసి, లోపల కూర్చున్నవాళ్ల ఇంగ్లిష్ విని బయటనుంచే వెనక్కి తిరుగుతారు. వెళ్లి "వైకుంఠం గారి పనులు ఏమైనా ఉన్నాయా, చూడొచ్చా" అని అడగండి, చాలాసార్లు గోడ మీద లేనివి కూడా లోపలి గదిలోంచి తీసి చూపిస్తారు.

రెండోది, వేలం సంస్థల పాత రికార్డులు. శాఫ్రన్‌ఆర్ట్, పుండోల్స్, ఆస్టాగురు సైట్లలో గతంలో అమ్ముడైన వైకుంఠం బొమ్మలు ఫొటోతో, కొలతలతో, మీడియంతో (అంటే దేని మీద, దేనితో వేశారో), సంవత్సరంతో ఉంటాయి. లాగిన్ అయితే చాలావాటి ధరలూ కనిపిస్తాయి. శాఫ్రన్‌ఆర్ట్ 2000లో మొదలైంది కాబట్టి వెనక్కి వెళ్లడానికి చాలా సరుకు దొరుకుతుంది. వాటిని ఊరికే స్క్రోల్ చేయకుండా ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి: ఏ సంవత్సరంలో గీసింది, కాగితమా కాన్వాసా, ఎత్తు వెడల్పు ఎంత, ఒక మనిషా ఇద్దరా గుంపా, సంతకం ఏ మూల ఉంది, ఎంతకి పోయింది. కొలతలు తప్పకుండా రాసుకోండి. ఆయన బొమ్మల్లో చాలావాటికి పేరు ఉండదు, పేరు లేని బొమ్మ అనో తెలంగాణ స్త్రీ అనో ఉంటుంది, అంతే. రేపు మీ ముందుకొచ్చిన బొమ్మ, పదేళ్ల కిందట వేలంలో కనిపించిన బొమ్మ ఒకటేనా అని తేల్చుకోవడానికి మిగిలే ఆధారం ఫొటో, కొలత, మీడియం, సంవత్సరం మాత్రమే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, గీత. అసలు బొమ్మ ముందు నిలబడినప్పుడు రంగు చూడకండి. నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా, గడ్డం నుంచి మెడ, భుజం దాకా ఆ గీత వెంట కన్ను నడిపించండి. ఎక్కడ ఒత్తు పెరిగింది, ఎక్కడ తేలిపోయింది, ఎక్కడ ఆగకుండా మలుపు తిరిగింది చూడండి. చేతికి ఆ దారి తెలుసు కాబట్టి తడబాటు ఉండదు. ఇప్పుడు ఫర్నిచర్ షాపు బొమ్మ దగ్గరికెళ్లి అదే చోట చూడండి. గీత అంతా ఒకే మందంలో ఉంటుంది, లేదా మధ్యమధ్యలో ఆగి ఆగి అతికినట్టు ఉంటుంది, ఎందుకంటే వేసినవాడి కన్ను పక్కనున్న ఫొటో మీద ఉంది. వేళ్లు ఇంకా బాగా పట్టిస్తాయి. తమలపాకు పట్టుకున్న వేళ్లు నిజంగా పట్టుకున్నాయా, లేక ఆకు పక్కన ఊరికే పెట్టారా? కనురెప్ప, చెవి దగ్గర జుట్టు మొదలయ్యే చోటు, చీర కుచ్చెళ్లు ఒంటి మీదనుంచి మలుపు తిరిగే చోటు కూడా అంతే. ఎర్ర రంగు డబ్బా ఎవరైనా కొనుక్కోగలరు, గీత దగ్గరే దొరికిపోతారు.

అందుకే మొదట కాగితం మీది పని కొనమంటున్నాను. దానిలో దాక్కోవడానికి రంగు లేదు. మీ కన్ను తయారవుతుంది, ధర కాన్వాస్ కంటే చాలా తక్కువ ఉంటుంది, పైగా ఆయన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. ఇది నా అభిరుచి, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

మీ బడ్జెట్‌కి ఏది దొరుకుతుంది

పెద్ద అక్రిలిక్ కాన్వాసులు లక్షల్లో ఉంటాయి, మంచి కాలానివి, ఎక్కువమంది మనుషులున్నవి ఇంకా పైకి పోతాయి. కాగితం మీద రంగులతో వేసినవి ఆ తర్వాతి మెట్టు. చార్‌కోల్, పెన్సిల్ డ్రాయింగులు ఇంకా కింద. అన్నిటికంటే కింద, వేలల్లో దొరికేవి సెరిగ్రాఫ్‌లు.

సెరిగ్రాఫ్ దగ్గర జనం బాగా గందరగోళపడతారు కాబట్టి కొంచెం ఆగుదాం. ఇది స్క్రీన్ ప్రింట్. ఒక్కో రంగుకీ ఒక్కో తెర తయారుచేసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తారు. కళాకారుడి అనుమతితో, లెక్క పెట్టి, ఇన్నే అని వేసి, ప్రతి కాపీ మీదా ఆయన పెన్సిల్‌తో సంతకం చేస్తారు. సాధారణంగా కింద ఎడమ వైపు 23/100 లాంటి అంకె ఉంటుంది. వంద కాపీల్లో ఇది ఇరవైమూడోది అని. కొన్నిటి మీద ఎ.పి. అని ఉంటుంది, అంటే కళాకారుడి కోసం విడిగా ఉంచిన కాపీలు. ఇది అసలు పెయింటింగ్ కాదు, అలాగని పోస్టరూ కాదు. సంతకం అచ్చులో భాగంగా పడి ఉంటే, అంటే పెన్సిల్ కాకుండా ఇంకులోనే ఉంటే, అది పోస్టర్ లెక్కే.

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకుంటారే, అది. సెరిగ్రాఫ్‌ని దాంతో చూస్తే రంగు గట్టిగా, సమంగా, అంచు తెగినట్టు ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే సన్నటి రంగు చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. మామూలు ప్రెస్సులో అచ్చయింది అయితే చుక్కలు వరసగా గుండ్రటి ముగ్గులా ఉంటాయి. ఇప్పుడు ఇంకో మోసం బాగా నడుస్తోంది: కాన్వాస్ మీదే ఇంక్‌జెట్ ప్రింట్ తీసి, పైన రంగులేని జెల్‌తో బ్రష్ గుర్తులు పెడతారు. చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది, ఫొటోలో అచ్చం పెయింటింగే. కానీ బ్రష్ గుర్తులు ఒకవైపు పోతుంటే రంగుల అంచులు ఇంకోవైపు పోతుంటాయి, రెండిటికీ సంబంధం ఉండదు. భూతద్దం పెడితే ఆ జెల్ కింద చుక్కలు.

బడ్జెట్ సెరిగ్రాఫ్ దగ్గరే ఆగిపోతే ఇంకో దారి కూడా ఆలోచించండి. చిత్రకారుడు లక్ష్మా గౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు, ఆయనా బరోడాలో నేర్చుకున్నవారే, 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎచింగులు చాలా వేశారు. ఎచింగ్‌లో రాగి లేదా జింకు పలక మీద గీత గీసి, యాసిడ్‌తో తినిపించి, ఇంకు పట్టించి అచ్చు తీస్తారు. అంటే ప్రింటే అయినా పలక మీద గీత కళాకారుడిదే. కాగితం మీద పలక ఒత్తుకున్న అంచు లోతుగా కనపడుతుంది, వేలితో తాకితే తెలుస్తుంది కూడా. అదే డబ్బుకి సెరిగ్రాఫా, ఎచింగా అని నన్నడిగితే నేను ఎచింగే అంటాను.

ఎక్కడ కొనాలి

గ్యాలరీ. ధర ఎక్కువ అనిపిస్తుంది, కానీ బిల్లు వస్తుంది, రేపు సమస్య వస్తే వెళ్లి అడగడానికి ఒక తలుపు ఉంటుంది. బేరం ఆడొచ్చా అని మొహమాటపడకండి. మర్యాదగా "మీకు వీలైన ధర చెప్పండి" అని అడిగితే ఎంతో కొంత తగ్గించేవాళ్లే ఎక్కువ. వాయిదాల్లో కట్టనిచ్చేవాళ్లూ ఉన్నారు, అడగాలి అంతే. చాలా గ్యాలరీలు ఆ సంగతి తమంతట తాము చెప్పవు.

వేలం. ఇక్కడ టెన్షన్ ఎక్కువ, లెక్క ముఖ్యం. కేటలాగులో కింది అంచనా, పై అంచనా అని రెండు అంకెలు ఉంటాయి. సుత్తి దెబ్బ పడిన ధర మీరు కట్టే ధర కాదు. దాని పైన కొనేవాళ్ల ప్రీమియం, అంటే వేలం సంస్థ తీసుకునే రుసుము, ఉంటుంది, సంస్థను బట్టి మారుతుంది, 20 శాతం అటూ ఇటూ అనుకోండి. 5 లక్షలకు పాడితే లక్ష ప్రీమియం, అక్కడికే 6 లక్షలు, పైన జీఎస్టీ, రవాణా. కాబట్టి మీ దగ్గర ఉన్నది 6 లక్షలైతే పాట 4 లక్షల 50 వేల దగ్గరో ఇంకా ముందో ఆపేయాలి. ఆ అంకె కాగితం మీద రాసుకుని కూర్చోండి. చివరి రెండు నిమిషాల్లో ఎవరో మీ మీద పాడితే, ఆన్‌లైన్ వేలంలో టైమ్ పెరుగుతూ పోతుంది, అప్పుడు మన బుర్ర మన మాట వినదు. ఇంకో సంగతి, పాత అమ్మకాల ధరలు చూసేటప్పుడు అవి ప్రీమియం కలిపినవా కలపనివా అని కింద చిన్న అక్షరాల్లో చూసుకోండి, లేకపోతే మీ ఎక్సెల్ షీట్ అంతా ఇరవై శాతం తప్పు. పాటకు ముందు కండిషన్ రిపోర్ట్ అడగండి, ఉచితంగానే ఇస్తారు. బూజు మరకలు, చిరుగులు, తర్వాత వేసిన రంగు అతుకులు అందులో రాస్తారు.

తెలిసినవాళ్ల ద్వారా. "మా బాబాయికి ఆయన స్వయంగా ఇచ్చారండీ" అనే మాట మన ఊళ్లో బాగా వినపడుతుంది. నిజం కూడా అయి ఉండొచ్చు, హైదరాబాద్‌లో కళాకారులు స్నేహితులకు, సహోద్యోగులకు బొమ్మలిచ్చిన కాలం ఒకటి ఉంది. మంచి డ్రాయింగులు ఇలాంటి ఇళ్లలోంచే బయటికొస్తాయి. కానీ ఆ బాబాయి ఎవరు, ఎప్పుడు ఇచ్చారు, ఆ రోజుల్లో ఇంట్లో గోడ మీద ఇది కనపడే ఏదైనా పాత ఫొటో ఉందా? పెళ్లిచూపుల ఫొటో అయినా పర్లేదు, వెనకాల గోడ మీద బొమ్మ కనిపిస్తే చాలు, దానికి మించిన సాక్ష్యం లేదు.

వాట్సాప్ గ్రూపులు, పాత సామాన్ల యాప్‌లు, "అర్జెంట్ సేల్, ఓనర్ అబ్రాడ్ వెళ్తున్నారు" లాంటివి. వద్దు. మార్కెట్ ధరలో సగానికి ఎవరైనా అమ్ముతున్నారంటే వాళ్లకు తెలియక కాదు.

నకిలీని పట్టుకోవడం

గీత గురించి చెప్పాను. మిగతావి ఇవి.

బొమ్మను ఫ్రేములోంచి తీయించండి. తీయనివ్వను అన్నవాళ్ల దగ్గర కొనకండి. వెనకవైపు ముందువైపు కంటే ఎక్కువ మాట్లాడుతుంది: గ్యాలరీ లేబుల్, ప్రదర్శన చీటీ, పాత ఫ్రేమ్ షాపు స్టిక్కర్, చేత్తో రాసిన కొలతలు, కాన్వాస్ అంచున మేకుల తుప్పు. 1988 అని తేదీ ఉన్న బొమ్మకి వెనక కాన్వాస్ తెల్లగా మెరుస్తూ, స్టేపుల్ పిన్నులు నిన్న కొట్టినట్టుంటే కారణం అడగాలి. చెక్క ఫ్రేము మార్చి మళ్లీ బిగించి ఉండొచ్చు, అది తప్పు కాదు. కాన్వాస్ గుడ్డే కొత్తదైతే మాత్రం తప్పే.

సంతకాన్ని నమ్మి కొనేవాళ్లే నకిలీలు చేసేవాళ్ల ప్రధాన కస్టమర్లు. మొత్తం బొమ్మలో కాపీ చేయడానికి అన్నిటికంటే సులువైనది సంతకమే. ఏళ్లతో పాటు ఎవరి సంతకమైనా మారుతుంది కాబట్టి పోల్చేటప్పుడు అదే కాలం నాటి, వేలం రికార్డుల్లో ఉన్న సంతకంతో పోల్చండి. రంగు ఎండిన తర్వాత పైన వేరే ఇంకుతో చేసినట్టుందా, రంగుతో పాటే కలిసి ఉందా చూడండి.

కళాకారుడితో ఫొటో. బొమ్మ పట్టుకుని ఆయన పక్కన నిలబడి ఎవరో తీయించుకున్న ఫొటో చూపిస్తారు. ప్రదర్శనల్లో ఎవరు అడిగినా కళాకారులు ఫొటో దిగుతారు, పాపం కాదనలేరు. ఫొటోలో ఉన్న బొమ్మ, మీ ముందున్న బొమ్మ ఒకటేనా అన్నది వేరే విషయం. చీర అంచులో డిజైను పక్కపక్కన పెట్టి చుక్క చుక్క చూడండి.

ఇక అథెంటిసిటీ సర్టిఫికెట్, అంటే ఇది అసలు బొమ్మే అని రాసిచ్చే కాగితం. బంగారు అంచు, హోలోగ్రామ్, ముద్ర, అన్నీ ఉంటాయి. దాని విలువ దాన్ని ఇచ్చినవాడి విలువే. అమ్మేవాడే సొంతంగా అచ్చు వేసుకున్న సర్టిఫికెట్ అంటే తన సరుకు మంచిదని తనే చెప్పుకోవడం. గ్యాలరీ పేరు మీద ఉంటే ఆ గ్యాలరీకి ఫోన్ చేయండి, కాగితం మీదున్న నంబరుకి కాదు, మీరే వెతికి పట్టుకున్న నంబరుకి. బిల్లు నంబరు, తేదీ, కొలతలు చెప్పి మీ రికార్డుల్లో ఉందా అని అడగండి. పేరున్న గ్యాలరీలు ఈ మాత్రం సాయం చేస్తాయి. వీలైతే కళాకారుడి వైపు నుంచే, వారితో ఏళ్లుగా పనిచేస్తున్న గ్యాలరీ ద్వారా, ఫొటో పంపి అడిగించడం అన్నిటికంటే మంచిది. బతికున్న కళాకారుడి పని కొనడంలో ఉన్న పెద్ద వెసులుబాటే ఇది, దాన్ని వాడుకోకుండా ఎవరో నిపుణుడికి ఫీజు కట్టడం ఎందుకు?

డబ్బు ఇచ్చే రోజు

బిల్లు మీద ఇవన్నీ ఉండాలి: కళాకారుడి పూర్తి పేరు, బొమ్మ పేరు లేదా పేరు లేదన్న మాట, మీడియం, కొలతలు, గీసిన సంవత్సరం, వీలైతే చిన్న ఫొటో, ఇది కళాకారుడు చేత్తో వేసిన అసలు పని అన్న వాక్యం. "వన్ పెయింటింగ్" అని రాసిచ్చే బిల్లు రేపు ఎందుకూ పనికిరాదు. నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇస్తామని ఒక లైను రాయమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లు దీనికి పెద్దగా బాధపడరు.

చేత్తో వేసిన పెయింటింగుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, కాబట్టి "క్యాష్ అయితే తగ్గిస్తాం, బిల్లు అక్కర్లేదు కదా" అనే ఆఫర్ వింటే అది మీకు రెండు రకాల నష్టం. బిల్లు లేని బొమ్మకి చరిత్ర ఉండదు, చరిత్ర లేని బొమ్మకి రేపు ధర ఉండదు.

బొమ్మ కొన్నారు కాబట్టి దాన్ని కేలండర్ మీద, కంపెనీ గ్రీటింగ్ కార్డు మీద వేసుకోవచ్చనుకునేవాళ్లున్నారు. కుదరదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీకు వచ్చింది ఆ కాగితం, ఆ కాన్వాసు. దాన్ని అచ్చు వేసే హక్కు రాసిస్తే తప్ప కళాకారుడిదే, ఆయన తర్వాత ఇంకో 60 ఏళ్లు వారసులది.

ఇంటికొచ్చాక

కాగితం మీది పనులకు మన ఇళ్లలో ముగ్గురు శత్రువులు: ఎండ, తేమ, వెండి పురుగు. కిటికీ ఎదురు గోడ, బాత్‌రూమ్ అవతలి గోడ, వానాకాలం చెమ్మ దిగే గోడ, ఈ మూడూ వద్దు. లైటు మరీ దగ్గరగా పెట్టకండి. మ్యూజియాల్లో కాగితం మీది బొమ్మలకు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగే ఉంచుతారు, మన హాలు పగటిపూట దానికి ఎన్నో రెట్లు వెలుగుతుంది.

ఫ్రేము కట్టేవాడితో గట్టిగా ఉండాలి. మామూలుగా వెనకాల హార్డ్‌బోర్డ్ పెట్టి, గమ్ టేపుతో బొమ్మను అతికించి, గాజు నేరుగా పైన ఆనించేస్తారు. కొన్నేళ్లకు కాగితం పచ్చబడి, టేపు ఉన్నచోట గోధుమ రంగు మరక పడుతుంది, అది పోదు. యాసిడ్ లేని మౌంట్ బోర్డు (బొమ్మ వెనక, చుట్టూ పెట్టే అట్ట), బొమ్మకీ గాజుకీ మధ్య ఖాళీ, టేపు బదులు జపనీస్ కాగితపు కీళ్లు (బొమ్మను అట్టకు పట్టి ఉంచే చిన్న కాగితపు ముక్కలు) అడగండి. చార్‌కోల్ డ్రాయింగుకి అక్రిలిక్ షీట్ వద్దు, గాజే కావాలి. ప్లాస్టిక్ షీటును తుడిచినప్పుడు పుట్టే విద్యుత్తు చార్‌కోల్ పొడిని పైకి లాగేస్తుంది, నెమ్మదిగా గీత షీటుకి అంటుకుంటుంది. అతినీలలోహిత కిరణాలు ఆపే గాజు దొరుకుతుంది, ఖరీదే కానీ ఒక మంచి డ్రాయింగుకి దండగ కాదు.

అక్రిలిక్ కాన్వాస్ కొంచెం మొండిది, కానీ ఎండాకాలం వేడికి ఆ రంగు పొర మెత్తబడి దుమ్మును పట్టేసుకుంటుంది. తడి గుడ్డ పెట్టి తుడవొద్దు, ముఖ్యంగా పండగకి ఇల్లు కడిగేటప్పుడు పనివాళ్లకు ముందే చెప్పండి. మెత్తటి, పొడి బ్రష్‌తో పైపైన దులిపితే చాలు. బబుల్ ర్యాప్ నేరుగా రంగు మీద చుట్టకండి, బుడగల గుర్తులు పడిపోతాయి. మధ్యలో గ్లాసీన్ అనే నున్నటి, పల్చటి కాగితం పెట్టాలి.

అమెరికాకో లండన్‌కో తీసుకెళ్లాలంటే

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు ముందు అడిగేది, దేశం దాటించడానికి పర్మిషన్ కావాలా అని. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం వందేళ్లు దాటిన వాటికి, కళానిధులుగా ప్రకటించిన కొద్దిమంది కళాకారుల పనులకు అడ్డుపడుతుంది. రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ లాంటివాళ్లు ఆ జాబితాలో ఉన్నారు, వాళ్ల పనులు బయటికి పంపలేరు. బతికున్న కళాకారుడి పనిని అలా ప్రకటించడానికి ఆ చట్టంలోనే వీలు లేదు. అయినా కొరియర్ కౌంటర్లో మనిషికి పాత బొమ్మ ఏదో కొత్త బొమ్మ ఏదో తెలియదు, కాబట్టి సంవత్సరం స్పష్టంగా రాసిన బిల్లు చేతిలో పెట్టుకోండి, లేకపోతే పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదని ఉత్తరం తెమ్మంటారు.

కాన్వాస్ చుట్టి పంపాల్సి వస్తే రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టం మీద చుట్టాలి. చాలామంది రంగు లోపలికి పెట్టి చుడతారు, రక్షణ అనుకుంటారు, కానీ అప్పుడు రంగు పొర నొక్కుకుని ముడతలు పడుతుంది. డిసెంబరు, జనవరిలో చలి దేశాలకు పంపకపోతే ఇంకా మంచిది. గడ్డకట్టే చలిలో అక్రిలిక్ పెళుసుగా అవుతుంది, ఆ స్థితిలో విప్పితే పగుళ్లే. చేరాక ఒక రోజంతా గది వేడికి వదిలేసి అప్పుడు విప్పమనండి.

ఫైలు, ఇన్సూరెన్స్, తర్వాతి సంగతి

ప్రతి బొమ్మకీ ఒక ఫైలు. బిల్లు, ముందు వెనక ఫొటోలు, సంతకం దగ్గరి ఫొటో, అమ్మినవాళ్లతో నడిచిన మెసేజీలు, ప్రదర్శన కేటలాగు ఉంటే అది. స్కాన్ చేసి మెయిల్లో కూడా ఉంచండి. ఇంటి ఇన్సూరెన్స్‌లో బొమ్మలు వాటంతట అవే చేరవు, విడిగా పేరు పేరునా రాయించి, విలువ ముందే ఒప్పించుకోవాలి. ఆ విలువకు కూడా ఈ ఫైలే ఆధారం.

అమ్మే రోజు వస్తే, ఇంట్లో వాడుకునే వస్తువే కదా పన్నుండదు అనుకోవద్దు. పెయింటింగులు, డ్రాయింగులు, శిల్పాలు మూలధన ఆస్తి కిందకే వస్తాయి. 24 నెలలు దాటి ఉంచుకుని అమ్మితే లాభం మీద 12.5 శాతం, అంతకు ముందే అమ్మితే మీ శ్లాబు ప్రకారం. కొన్న ధర నిరూపించలేకపోతే లాభం లెక్క ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లు వేస్తారు. కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ అని ఇంకోటి ఉంది: అసలు పెయింటింగ్ మళ్లీ 10 వేల రూపాయలకు మించి అమ్ముడైతే ఆ ధరలో కళాకారుడికి వాటా హక్కు ఉంటుంది, గరిష్ఠంగా 10 శాతం. మార్కెట్లో దీని ఊసెత్తేవాళ్లు తక్కువ, కానీ లక్షకు కొన్నది పది లక్షలకు అమ్ముకునే మనం, దాన్ని గీసిన మనిషికి ఏమీ వద్దనడం నాకు అన్యాయమే అనిపిస్తుంది.

ఇంట్లోవాళ్లకు ఫైలు ఎక్కడుందో చెప్పి పెట్టండి, బొమ్మ వెనక పెన్సిల్‌తో ఫ్రేము మీద, బొమ్మ మీద కాదు, ఫైలు నంబరు వేయండి. సేకరించినాయన పోయాక పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ, ఏది షాపులో కొన్నదో ఏది అసలుదో తెలియక, అన్నీ కలిపి ఫ్రేముల లెక్కన పాత సామాన్లవాడికి ఇచ్చేసిన ఇళ్లు ఉన్నాయి.